బావకొక నీళ్ళ జాకెట్

టైలరింగ్ షాపు,
కటింగ్ టేబుల్ మీద నుంచి

పట్టభద్రుడైన బామ్మర్దికి,

ఫోన్‌లో నీతో మాట్లాడటం నా వల్ల కాదు. నేనొక మాట అనేలోపు నువ్వు రెండుసార్లు నవ్వుతావు. అందుకని ఇకనుంచి మనిద్దరి మధ్యా ఏ వ్యవహారమైనా కాగితం మీదే.

మీ అక్క సంగతి నీకు తెలిసిందే. స్కూల్లో విజిల్ ఊది పిల్లల చేత గ్రౌండ్ చుట్టూ పరుగులు పెట్టించే మనిషి, సెలవులు రాగానే డైవింగ్ క్లబ్ వాళ్ళతో పడవెక్కి సముద్రం అడుగు చూసొస్తుంది. ఆ క్లబ్బులో ఒంటరిగా నీళ్ళలోకి దిగనివ్వరు. జతగా దిగాలి, ఒకరికొకరు పూచీ. ఇన్నేళ్ళూ మీ అక్కకి జతగా ఉన్న పళ్ళ డాక్టరమ్మ ఊరు మారిపోయింది. జత దొరక్కపోతే ఈసారి పడవలోనే కూర్చోవాలని చెప్పింది. చెబుతూ ఆవిడ పెట్టిన మొహం చూసి నేను చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్న సంగతి మర్చిపోయాను. ఒక పెళ్ళికొడుకు కోటు కాలర్ మాడింది.

కాబట్టి ఆ జత నేనే కావాలని నిర్ణయించాను. ఆదివారం పొద్దున్నే గుడ్డల మార్కెట్‌కని చెప్పి స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తున్నాను. కోచ్ డైవింగ్ నేర్పుతున్నాడు. మీ అక్కకి తెలియకూడదు. పడవ మీద నన్ను చూసి ఆవిడ నోరు తెరవాలి. అప్పటిదాకా నీ నోరు మూసి ఉండాలి.

ఇక పని. నాకు సొంత జాకెట్ కావాలి, ఆ గాలి నింపుకునేది. నువ్వు పనిచేసే డైవింగ్ షాపు కాటలాగ్ తెప్పించుకుని చూశాను. అన్నిటికన్నా ఎక్కువ గాలి పట్టేదీ, నల్లదీ, ఒళ్ళంతా జేబులున్నదీ ఒకటి ఉంది. అదే పంపు. సలహా అడగలేదని గమనించు. ఊళ్ళోవాళ్ళు విడిచిన తడి జాకెట్లు కడగడానికి డిగ్రీ చదివినవాడికి పార్శిల్ కట్టడం కన్నా పెద్ద పని చెప్పడం నా పద్ధతి కాదు.

మీ బావ


డైవింగ్ షాపు,
జాకెట్లు ఆరేసే వరండా నుంచి

కత్తెరకి యజమానీ, టేపుకి ఏలికా, మా అక్కకి మొగుడూ అయిన బావకి,

నీ ఆజ్ఞాపత్రం అందింది. నిలబడి చదివాను. నవ్వలేదు. నవ్వలేదని మా ఓనర్ చేత సాక్షి సంతకం పెట్టిద్దామనుకున్నాను గానీ, ఆయన నవ్వుతూ ఉండటం వల్ల పెన్ను నిలవలేదు.

నువ్వు ఎంచుకున్న వస్తువు జాకెట్ కాదు బావా, పెళ్ళి షామియానా. వీపున రెండేసి సిలిండర్లు కట్టుకుని మునిగిపోయిన ఓడల్లోకి దూరేవాళ్ళ కోసం చేసింది. నువ్వు దిగేది చేపల్ని పలకరించి రావడానికి. దీన్ని మేం బీసీడీ అంటాం. విషయం చాలా చిన్నది: ఒంటికి తొడుక్కునే గాలి సంచి. గాలి నింపితే తేలతావు, వదిలితే దిగుతావు, ఒద్దికగా నింపితే నీళ్ళ మధ్యలో బల్ల మీద పడుకున్నట్టు నిలుస్తావు. ఎక్కువ గాలి పడితే ఎక్కువ భద్రమనుకున్నట్టున్నావు. ఎక్కువ గుడ్డ పడితే మంచి ప్యాంటు అన్నట్టే. ఆ మాట నీ షాపుకొచ్చినవాడు ఎవడైనా అంటే టేపుతో తరిమేవాడివి. పెద్ద సంచిలో కొంచెం గాలి వేశావనుకో, నువ్వు ఎడమకి ఒరిగితే అది కుడికి పారిపోతుంది. మీ ఇద్దరినీ విడదీయడానికి మా అక్క రావాలి.

వీపు మీద మాత్రమే గాలి నిండే రకం ఇంకోటుంది. నీళ్ళ లోపల హాయిగా ఉంటుంది, పైకొచ్చాక మాత్రం మనిషిని ముందుకి తోస్తుంది. కొత్తవాడివి, మొహం నీళ్ళ పైన ఉండటం నీకు అవసరం. చూసేవాళ్ళకి కాదనుకో. అందుచేత నీకు తగినది నడుం చుట్టూ, చంకల కింద గాలి నిండే మామూలు రకం. మీడియం సైజు. జేబులు రెండు. సముద్రం అడుగున గుండీలు అమ్మరు కాబట్టి రెండు చాలు.

ఈ ఒక్క ముక్క మాత్రం వెటకారం తీసేసి చదువు. ఖాళీగా ఉన్నప్పుడు జాకెట్ కాస్త వదులుగానే ఉంటుంది. ఉండాలి. లోపల రబ్బరు సూటు పడుతుంది, పైగా గాలి నింపితే అది నీ మీదకే ఉబ్బుతుంది. నిండా గాలి కొట్టి, గుండెలనిండా ఊపిరి పీల్చి చూడాలి. పీల్చగలిగితే సరైన సైజు. అద్దం ముందు తేలే సంగతి కాదు. ఒకసారి ఇక్కడికి రా, మా తొట్టెలో దింపి చూస్తాను. రానంటావని తెలుసు కాబట్టి మీడియం పంపుతున్నాను.

అక్క ముందు నోరు కుట్టుకుని,
నీ బామ్మర్ది


టైలరింగ్ షాపు,
నిలువుటద్దం పక్క నుంచి

తడి జాకెట్ల శాస్త్రిగారికి,

పార్శిల్ అందింది. విప్పి చూశాక, తిరిగి కట్టేద్దామా అని కాసేపు ఆలోచించాను. దీన్ని తయారుచేసినవాడికి మనిషికి నడుం అనే భాగం ఉంటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. గోనె సంచికి చేతులు దూర్చే కన్నాలు పెట్టి, దాన్ని మీడియం అని పిలుస్తున్నారు. నువ్వు దానికి కథొకటి అల్లి, వదులుగానే ఉండాలని నాకు పాఠం చెప్పావు. ఒరేయ్, ఎదురుగా వస్తున్నవాడిని చూసి, వాడి ఎడమ భుజం కుడిదాని కన్నా ఎంత దిగువో టేపు తీయకుండా చెప్పే మనిషిని నేను. నాకు నువ్వు ఫిటింగ్ చెబుతావా? నీ సొంత చొక్కా సైజు నీకు తెలుసా?

పూల్‌లో కోచ్ నన్ను పాస్ చేశాడు, సర్టిఫికెట్ కూడా చేతికిచ్చాడు. అక్కడ మాత్రం వాళ్ళ పాత జాకెట్టే వాడాను. కొత్తదాన్ని తడపలేదు. పెళ్ళి కోటు వేసుకుని పెళ్ళికి ముందు కూరల మార్కెట్‌కి ఎవడూ వెళ్ళడు.

నీ గోనె సంచి విషయానికొస్తే, బనీను మీద తొడుక్కుని చూశాను. చంకల కింద రెండు పక్కలా గుడ్డ తెరచాపలాగా ఆడుతోంది. చిన్న సవరణ చేశాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే ఆ క్లబ్బు పెట్టిందే నేనన్నట్టున్నాను. మీ ఓనర్‌కి చెప్పు, కావాలంటే షాపులో ఉన్నవన్నీ పంపమను, మనుషులు వేసుకునేలా చేసి పంపుతాను.

మీ బావ


డైవింగ్ షాపు,
వరండా

బావా,

చిన్న సవరణ అంటే ఏంటి? సూదితోనా, సూది లేకుండానా?

ఆ పక్కలకి పట్టీలున్నాయి. లాగితే బిగుస్తాయి. వదిలితే వదులవుతాయి. ఆ వస్తువులో ఉన్న టెక్నాలజీ మొత్తం అదే. మా షాపుకి తప్పతాగి వచ్చినవాడు కూడా అది కనిపెట్టాడు.

నువ్వు గుడ్డ అంటున్నది గుడ్డ కాదు. దాని వెనక లైనింగ్ లేదు, దూది లేదు, కాన్వాస్ లేదు. ఆ గుడ్డే గాలి సంచి గోడ. దానికి ఇవతల గాలి, అవతల సముద్రం. దానికి సూది తగిలితే ఆ రెండూ కలుసుకుంటాయి.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెడితే ‘కాగితం’ అని ఒక్క మాట జవాబిచ్చావు. మాట మీద నిలబడే మనుషుల్ని చూస్తే నాకు ఇందుకే ఒళ్ళు మంట. కొరియర్‌వాడి కాళ్ళు పట్టుకుని ఇది పంపుతున్నాను. జాకెట్‌ని నోటితో ఊది బిర్రుగా నింపు. నీళ్ళ డ్రమ్ములో ముంచు. నువ్వు సవరించిన చోట చూడు. బుడగలు రాకపోతే సగం మీసం తీయించుకుని మీ షాపు ముందు నిలబడతాను.

వస్తే వచ్చాయని రాయి. క్లబ్ పడవ ఎక్కేలోపు రాయి.

నీ బామ్మర్ది


టైలరింగ్ షాపు,
లోపలి గది

బామ్మర్దికి,

నీ ఉత్తరంలో మర్యాద లోపించింది. దానికి జవాబివ్వను.

ఇది వేరే సంగతి. మా షాపుకి ఒక ఖాతాదారుడు వస్తాడు. పెద్దమనిషి, పేరు బయటపెట్టడం వృత్తిధర్మం కాదు. అతని దగ్గర కూడా ఇలాంటి జాకెట్ ఒకటుంది. కుట్టుపనిలో మంచి చెయ్యి ఉన్నవాడు కావడంతో రెండు పక్కలా వదులుని లోపలికి మడిచి మిషన్ మీద పొడుగాటి డాట్లు కుట్టుకున్నాడు. ఎవరో వెర్రివాడు చెప్పాడని డ్రమ్ములో ముంచి చూస్తే, కుట్టు వెంబడి ముత్యాలు గుచ్చినట్టు సన్నటి బుడగలు వస్తున్నాయట. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయన్నాడు. సైకిల్ ట్యూబుకి రాసే జిగురు రాస్తే ఆగుతాయా అని అడుగుతున్నాడు. నేను తెలియదన్నాను. నీకు తెలిస్తే రాయి.

అతని కుట్టు చాలా సన్నం. బజార్లో దొరికే ముతక కుట్టు కాదు. ఆ సంగతి కూడా చెప్పమన్నాడు.

మీ బావ


డైవింగ్ షాపు,
తొట్టె గట్టు మీద నుంచి

అజ్ఞాత ఖాతాదారుడి ప్రతినిధి అయిన బావకి,

ఆ పెద్దమనిషికి నా ప్రగాఢ సానుభూతి. జిగురు పనికిరాదు. ట్యూబుకి ఒక మేకు దిగితే పంచర్ అంటాం. ఇతగాడు మిషన్ పెట్టి వరసగా పొడిచాడు. దాన్ని పంచర్ అంటే పంచర్లు వేసేవాళ్ళు నొచ్చుకుంటారు. ఆ జాకెట్ చచ్చిపోయింది. కుట్టు ఎంత సన్నమైతే కన్నాలు అంత ఎక్కువ. ఆ సంగతి నేను చెప్పమన్నానని చెప్పు.

లీకయ్యే జాకెట్ ఎప్పుడు మోసం చేస్తుందో కూడా అతనికి తెలియాలి. నీళ్ళలోకి దిగేటప్పుడు బుద్ధిమంతుడిలా ఉంటుంది. అంతా అయిపోయి పైకొచ్చి, పడవ దూరంగా ఉండి, కాళ్ళు పీకుతూ, కాస్త తేలి ఆగుదామనుకున్నప్పుడు మెత్తబడుతుంది. మునగడానికని నడుముకి కట్టుకున్న సీసం బరువులు మాత్రం మెత్తబడవు. వాటిని విప్పి పడేయాలని కోచ్ చెప్పే ఉంటాడు. అద్దం చూసుకుని సైజులు తేల్చేవాడికి అది గుర్తొచ్చేసరికి సగం సముద్రం కడుపులో ఉంటుంది.

అప్పుడు అతని జత వచ్చి పట్టుకుంటుంది. అతను మునిగితే నాకేం పెద్ద నష్టం లేదు, టైలర్లకి కరువొచ్చిందా? కానీ ఆ జత మనిషి నాకు తెలుసు. పట్టుకుంటే వదలదు. వదలమని వాడే బతిమాలినా వదలదు. నాకు ఆవిడొక్కతే అక్క. ఇంకొకర్ని కాటలాగ్‌లో చూసి తెప్పించుకోలేను.

కాబట్టి దీనితోపాటు మా షాపు అద్దె జాకెట్ ఒకటి పంపుతున్నాను. ఒకప్పుడు ఎర్రగా ఉండేది. ఇప్పుడు జ్వరమొచ్చినవాడి నాలుక రంగు. వీపు మీద దూరానికి కూడా కనబడేలా ‘అద్దె’ అని రాసుంటుంది. లోపల మంచినీళ్ళు పోసి, ఆడించి, పేరుకున్న ఉప్పంతా కడిగాను. గాలి నింపి రోజంతా వేలాడదీశాను, కొంచెం కూడా తగ్గలేదు. నీ కోటు సైజుని బట్టి చూశాను, ఆ ఖాతాదారుడికి సరిపోతుంది. వేసుకోమను. మాట ఇవ్వమను. ఇవ్వకపోతే అక్కకి మొత్తం చెప్పేస్తాను.

నీ బామ్మర్ది


టైలరింగ్ షాపు

బామ్మర్దికి,

పార్శిల్ అందింది. రంగు చూశాను.

ఖాతాదారుడు వేసుకుంటానన్నాడు. మీ అక్కకి చెప్పొద్దు.

మీ బావ


డైవింగ్ షాపు,
మెట్ల మీద నుంచి

బావా,

నీకు తగిన సంబోధన కోసం చాలాసేపు వెతికాను. ఉన్నవేవీ ఉత్తరంలో రాసేవి కావు.

అక్క ఫోన్ చేసింది. పడవ మీద సంచీ భుజాన వేసుకుని నువ్వు ప్రత్యక్షమయ్యావట. ‘నా జత ఎవరో చూడండి’ అని క్లబ్బు వాళ్ళందరినీ పిలిచి చూపించిందట. పడవ నడిపేవాడిని కూడా ఇంజన్ దగ్గర్నుంచి లేపి చూపించిందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందో నీకు రాయను, వినే యోగ్యత నీకు లేదు. తర్వాత, దిగేముందు జతలు ఒకరి సామాను ఒకరు చూసుకోవాలి కదా, నీ జాకెట్ నిండా గాలి కొట్టి, వంగి నీ బరువుల బెల్టు చూసి, లేచేసరికి అది నీ ఒంటి మీద రాత్రి కట్టి తెల్లారి చూసిన బెలూన్‌లా మెత్తబడిందట. నల్ల జాకెట్. నువ్వు మాట ఇచ్చి పక్కన పెట్టాల్సిన నల్ల జాకెట్.

‘ఎక్కడిది ఇది?’ అని అడిగిందట. ‘నీ తమ్ముడు పంపాడు’ అన్నావట.

ఎంత చక్కటి వాక్యం బావా. ఎక్కడా కుట్టు కనబడదు. పంపింది నేనే, అందులో అబద్ధం లేదు. అబద్ధం చేయాల్సిన పనంతా ఆ నిజమే చేసిపెట్టింది. ‘నా మొగుణ్ణి ముంచడానికి చదివావట్రా డిగ్రీ?’ అని అడిగింది మా అక్క. ఓనర్‌కి ఉత్తరం రాస్తానంది. రాస్తే నన్ను సాయంత్రానికి బయటికి పంపుతారు. పోతే పోయింది, వెధవ ఉద్యోగం అంటావు. నిజమే, మంది చెమట కడిగే ఉద్యోగమే. కానీ నేను కడిగి ఇచ్చిన జాకెట్ తొడుక్కుని దిగినవాడు ప్రతివాడూ పైకొచ్చాడు. నాకు చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే. అది కాస్తా నువ్వు తీసేశావు.

నేను నోరు విప్పలేదు. నీ మీద అభిమానంతో అనుకోకు, అది డ్రమ్ములో బుడగలతోనే పోయింది. అక్క నిన్ను పదిమందికీ పిలిచి చూపించింది. ఆ సంబరాన్ని నా నోటితో చెరపడం ఇష్టం లేక ఊరుకున్నాను. నువ్వు చెబుతావో, హాయిగా మింగి కూర్చుంటావో నీ ఇష్టం. నేను ఇంక నీకు ఉత్తరం రాయను.

అక్క తమ్ముడు


ఇల్లు,
భోజనాల బల్ల దగ్గర నుంచి

బామ్మర్దికి,

రాయనన్నావు. జవాబు అక్కర్లేదు, చదువు చాలు.

మీ ఓనర్‌కి ఉత్తరం ఈ బల్ల మీదే మొదలుపెట్టింది మీ అక్క. సగం కాగితం నిండింది. చేతిరాత చూస్తేనే నీ ఉద్యోగం పోయేలా ఉంది. నేను ఎదురుగా కూర్చుని ఆ నల్ల జాకెట్ ఒళ్ళో వేసుకుని, బ్లేడు తీసుకుని డాట్లు విప్పడం మొదలుపెట్టాను. నేను కుట్టినదాన్ని ఖాతాదారుడి ముందు ఏనాడూ విప్పలేదు, నీకు తెలియదులే.

కొంతసేపటికి పెన్ను ఆగింది.

“అది షాపు కుట్టు కాదా?”

“కాదు. నాది.”

“సూదితో పొడిచిన సంచీ వేసుకుని నా పక్కన దిగుదామనుకున్నావా?”

“అవును.”

“వాడికి తెలుసా?”

“తెలుసు. ఇది వేసుకోవద్దని ఇంకోటి పంపాడు.”

“మరెందుకు వేసుకోలేదు?”

“రంగు బాగాలేదు.”

కోపం వస్తే మీ అక్క అరుస్తుంది. అరవలేదు. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది, నేను ముతక గుడ్డని చూసినట్టు. తర్వాత ఓనర్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నా బ్లేడు పక్కన పెట్టింది. నీ ఉద్యోగం నీకే ఉంది. అభినందించను. ఫోన్ చేస్తుంది, ఎత్తు. క్షమించమని అడగడం ఆవిడకి రాదు, అన్నం తిన్నావా అని అడుగుతుంది. అదే అనుకో.

జత విషయం కూడా తేలిపోయింది. వచ్చే సెలవులకి వేరే జతని వెతుక్కుంటానంది. కావాలంటే నేను పడవ ఎక్కి, వాళ్ళు విప్పిన చెప్పులకి కాపలా ఉండొచ్చట. ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత చూస్తానంది. నేను బేరమాడలేదు. ఆవిడ ఎవరి పక్కన దిగితే బతికి వస్తుందో ఎంచుకోవడం ఆవిడ హక్కు, నాది కాదు.

ఆదివారం నన్ను పూల్‌కి ఆవిడే తీసుకెళ్ళింది. మెడలో విజిల్. ఈతకొచ్చిన పిల్లకాయలు గట్టు మీద వరసగా కూర్చుని చూస్తుండగా, నువ్వు పంపిన ఆ జ్వరం రంగుది తొడిగించి, వీపు మీది అక్షరాలు వాళ్ళందరికీ కనబడేలా నన్ను అటు తిప్పి నిలబెట్టింది. పట్టీలు తనే లాగింది. నిండా గాలి కొట్టింది. “పీల్చు” అంది. పీల్చాను. జాకెట్‌కి చెవి ఆనించి విన్నది. వేళ్ళు చంకల కింద దూర్చి చూసింది.

“ఇది నీకు సరిగ్గా పట్టింది” అంది.

నేను కుట్టుకుని తొడుక్కున్న ఏ కోటు గురించీ మీ అక్క ఇంతవరకూ ఆ మాట అనలేదు. నీ జాకెట్ తిరిగి పంపను.

మీ బావ